ముక్కు లేని దల్లా

(సౌదీలో హాయిల్ నుంచి జుబ్బాకు పోయే రోడ్డు. అటూ ఇటూ నఫూద్ ఎర్ర ఇసుక. కారు వెనక సీట్లో డిజైన్ గురు: నల్ల చొక్కా, గుండ్రటి కళ్లద్దాలు, ఒళ్లో అట్టపెట్టె. స్టీరింగ్ దగ్గర ఆలేరన్న: ఒకప్పుడు పట్టుచీరలు నేసేవాడు, ఇప్పుడు తన కఫీల్, అంటే పనికి పెట్టుకున్న సౌదీ యజమాని, కారు తోలుతున్నాడు.)

గురు: హాతిం తాయి తిరిగిన నేల కదా ఇది! ఆయన ఆతిథ్యానికి ఇది నా నివాళి. చూడు బ్రదర్. (పెట్టెలోంచి దల్లా, అంటే అరబ్బుల కాఫీ కూజా, తీసి చూపించాడు)

అన్న: (అద్దంలోంచి చూసి) గహ్వా, అదే కాఫీ, పోసే దల్లానా సార్? ముక్కేది?

గురు: తీసేశాను. పిడి కూడా.

అన్న: మరి పోసుడెట్ల?

గురు: పోయడం పాత అలవాటు. నా దల్లా ప్రశ్నిస్తుంది.

అన్న: గీడ ఎడమచేత్తోని దల్లా పడతరు, కుడిచేత్తోని ఫింజాన్ కప్పు అందిస్తరు. పిడి లేకుంటే చెయ్యి కాలి, గహ్వా పోయి సుట్టం మీద పడ్తది.

గురు: పడనీ! 1990లో ఫిలిప్ స్టార్క్ అలెస్సీ కంపెనీకి నిమ్మకాయలు పిండే మూడుకాళ్ల సాధనం చేసిచ్చాడు. అది రసం తీయడానికి కాదట, నలుగురిలో మాట కదపడానికట. తర్వాత దానికి బంగారు పూత పూశారు. పులుపు తగిలితే పూత పోతుంది, పిండొద్దు అన్నారు.

అన్న: నిమ్మకాయలేం చేసిన్రు మరి?

గురు: (జాలిగా) మీ ఊళ్లో దారి తప్పిన డిజైనర్ ఒక్కడూ పుట్టలేదా?

అన్న: ఎందుకు పుట్టలె? చింతకింది మల్లేశం. మా ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితోనే బడి బంద్.

గురు: పోర్ట్‌ఫోలియో?

అన్న: వాళ్లమ్మ భుజం. లక్ష్మమ్మ ఆసు పోసేది. ఆసు అంటే, దారానికి రంగుల కోసం చిటికి కట్టాలంటే ముందుగాల దారాన్ని మేకుల సుట్టు ఇటు నుంచి అటు తిప్పాలె. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిదివేల సార్లు ఆడాలె సార్. మా ఇంట్ల గూడ గదే గోస. రాత్రి అన్నం కలుపుకోనీకి మా అమ్మకు చెయ్యి లేవకపోయేది.

గురు: ఓహో, యూజర్ రీసెర్చ్! ఎంతమందిని ఇంటర్వ్యూ చేశాడు?

అన్న: ఇంటర్వ్యూ ఏంది? ఒక్కింట్లనే ఉంటుండె. 1992ల మొదలువెట్టిండు. అప్పులైనయి, నవ్వెటోళ్లు నవ్విన్రు. అంతా కుదిరినా ఒక్క కదలిక కుదరలె. కరెంటు పని మీద బాలానగర్ పోతే ఆడ ఒక మిషన్ ఆడే తీరు చూసి కిటుకు పట్టిండు. 1999ల పూర్తయింది. ఐదారు గంటల పని గంటన్నరకు వచ్చింది. లక్ష్మి ఆసు యంత్రం అని పేరువెట్టిండు.

గురు: పేరు మార్చాలి. చూడ్డానికెలా ఉంటుంది?

అన్న: మిషన్ లెక్కనే ఉంటది.

గురు: అవార్డులు?

అన్న: 2017ల పద్మశ్రీ. 2019ల సినిమా గూడ తీసిన్రు, ప్రియదర్శి వేసిండు.

(గురువు మొదటిసారి సర్దుకుని కూర్చున్నాడు. పద్మశ్రీకి చలించని మనిషి సినిమాకు చలించాడు.)

గురు: ఇంతకీ ఆయన ఫిలాసఫీ?

అన్న: అమ్మకు నొప్పి పోవాలె.

గురు: అంతేనా? పది నిమిషాల ఉపన్యాసానికి కూడా చాలదే! సరే, అంత మంచి మిషనొస్తే నువ్వు మగ్గం వదిలి ఎందుకొచ్చావు?

అన్న: ఆసు జల్ది అయితది సార్. అప్పు జల్ది తీరదు.

గురు: (వినకుండా, ఫోన్‌లో రాసుకుంటూ) 'అమ్మ భుజం'... నా తర్వాతి కలెక్షన్! రాగితో ఒక చెయ్యి. వంగదు, లేవదు. ముప్పైవేల రియాళ్లు.

అన్న: దారం తిప్పుతదా?

గురు: ఛీ. గోడకు పెట్టుకోవాలి.

అన్న: వంగక, లేవక అంటే మా అమ్మ చెయ్యి గిప్పుడు గట్లనే ఉన్నది సార్.

గురు: ఒరిజినల్ పీసా! ఫొటో ఉందా?