తహసీల్దారు బటన్

మా మైక్రోవేవ్ ఓవెన్ ముఖాన ముప్పై బటన్లున్నాయి. ఏడేళ్లుగా మేం వాడుతున్నవి మూడు: రెండు, సున్నా, స్టార్ట్. నిన్నటి పప్పయినా, పొద్దుటి కాఫీ అయినా మా ఇంట్లో రెండు నిమిషాలే. పిజ్జా, ఫిష్, పాప్‌కార్న్ బటన్లు షోరూములో ఎలా మెరిశాయో ఇప్పుడూ అలాగే మెరుస్తున్నాయి. పని చెప్పని వాళ్ల ఒళ్లు చెక్కుచెదరదు.

మొన్న ఆదివారం స్టార్ట్ పోయింది. రెండు, సున్నా నొక్కితే కుయ్‌మంటున్నాయి, లోపల దీపం వెలుగుతోంది, గడియారం నడుస్తోంది. మండలాఫీసు గుర్తొచ్చింది. అందరూ సీట్లలోనే ఉంటారు, ఫ్యాను తిరుగుతుంటుంది, టీ కూడా వస్తుంది. సంతకం పెట్టాల్సిన తహసీల్దారు గారొక్కరే క్యాంపులో ఉంటారు.

ముందు ఇంటి వైద్యం చేశాం. ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగి పెట్టాం. స్టాప్‌ని మూడు సెకన్లు నొక్కిపట్టి, పిల్లలు ముట్టుకోకుండా వేసే లాక్ పడిందేమో చూశాం. తలుపు సరిగ్గా పడకపోయినా స్టార్ట్ పలకదట, దాన్ని నాలుగుసార్లు వేసి తీశాం. మా వాడు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో రెండు వేల వోల్టుల దాకా దాక్కుని ఉండొచ్చని చెప్పి వాణ్ని వెనక్కి పంపాను.

ఆ ఖాళీలో అన్ని బటన్లూ వరసగా నొక్కి చూశాను. మూడు, ఆరు, ఫిష్, పాప్‌కార్న్ కూడా పోయి ఉన్నాయి! ఎప్పుడు పోయాయో ఎవరికి తెలుసు? ఎప్పుడైనా నొక్కితే కదా. ఈ ప్యానెల్ అనేది రెండు ప్లాస్టిక్ పొరలు, వాటి మీద సన్నటి సిరాగీతలు. సిరా అంటే కలంలో పోసేది కాదు, కరెంటు పారేది. ఐదు అడ్డగీతలు, ఆరు నిలువుగీతలు ఉంటే చాలు, ముప్పై బటన్లకు లెక్క సరిపోతుంది. వేలుతో నొక్కితే పై పొర కింది పొరను తాకుతుంది, అంతే. ఒకే గీత మీద ఉన్న ఐదూ ఒకేసారి మూగబోయాయంటే, చెడింది బటన్ కాదు, దారి.

ఈ సంగతి చెబుదామని కంపెనీకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అందో గొంతు. నొక్కితే పనిచేసే బటన్లు లోకంలో ఇంకా ఉన్నాయన్న ధైర్యమైతే వచ్చింది. మూడో రోజు వచ్చిన కుర్రాడు నా గీతల సిద్ధాంతం ఓపిగ్గా విని, మూత కూడా తీయకుండా, "ప్యానెల్ మొత్తం మార్చాలి సార్. బోర్డుతో కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు. విడిగా రాదు" అన్నాడు. ఒక గీత కోసమా? "ఈ మోడల్ ఆగిపోయింది సార్, కొత్తది తీసుకోండి." చూసిపోయినందుకు నాలుగు వందల యాభై, పైన జీఎస్టీ.

ఈ ఓవెన్ పుట్టుక గుర్తొచ్చింది. 1947లో అమెరికాలో రేతియాన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన మొదటి మైక్రోవేవ్ ఓవెన్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. దాన్ని కనిపెట్టిన పెర్సీ స్పెన్సర్ ప్రాథమిక చదువు కూడా పూర్తి చేయలేదు. రాడార్‌కి వాడే మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులో చాక్లెట్ కరిగింది, ఎందుకని చూశాడు. అదృష్టవంతుడు. ఇవాళైతే జేబు విడిగా రాదు, ప్యాంటు మొత్తం మార్చాలనేవారు.

ప్రభుత్వం ఊరుకుందనుకోకండి. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు అంటూ ఒక పోర్టల్ తెరిచింది. అంటే చెడిన బటన్ గురించి తెలుసుకోవాలంటే చెడని బటన్లు మరికొన్ని నొక్కాలి.

చివరికి మా వీధి చివర రేడియోలు బాగుచేసే పెద్దాయన్ని బతిమాలాను. వచ్చీ రాగానే కెపాసిటర్‌లో కరెంటు దింపేశారు. ప్యానెల్ వెనక నుంచి బోర్డులోకి వెళ్లే పల్చటి పట్టీని ఊడదీసి, దాని కొసన పట్టిన నల్లటి చిలుము చూపించారు. వంటింటి ఆవిరి పుణ్యమట. "బాబూ, మీ అబ్బాయి రబ్బరోసారి ఇప్పించు" అన్నారు. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో నాలుగుసార్లు రుద్ది, పట్టీ మళ్లీ గుచ్చారు. కుయ్! రెండు వందలు తీసుకున్నారు. రసీదు లేదు, రబ్బరు మాత్రం తిరిగిచ్చారు.

పాప్‌కార్న్ కూడా బతికిందని మా వాడు పరుగున పోయి ప్యాకెట్ తెచ్చాడు. ఏడేళ్లకు ఆ బటన్‌కి బోణీ. కాసేపటికి మాడు వాసన. స్టాప్ నొక్కాను. పలకలేదు. మళ్లీ నొక్కాను. తహసీల్దారు గారు వచ్చారని సంబరపడుతుంటే డిప్యూటీ గారు క్యాంపుకెళ్లారు.

తలుపు లాగి ఆపాం.