ఇరవై ఒకటి తర్వాత పెద్దపల్లి

తంగళ్ళపల్లిలో కార్ల మనిషిని పట్టుకోవడం కష్టం కాదు. సిరిసిల్ల నుంచి మానేరు వంతెన దాటిన బండ్లు సిద్దిపేట వైపు సాగిపోయే దారిలో, ఏదో ఒక చాయ్ హోటల్ ముందు, పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంటాడు. ఎందుకు నిలబడ్డావని అడిగితే, "మావోనికి కార్లంటే పిచ్చి. రోజు గింతసేపు సూపియ్యకపోతే ఏడుస్తడు" అంటాడు. మావోడు అప్పటికే తండ్రి భుజం మీద నిద్రపోయి ఉంటాడు.

పిచ్చి అసలు ఎవరిదన్న పంచాయితీ ఆ ఇంట్లో ఇంకా తెగలేదు.

అతనికున్న కారు ఒక పాత వ్యాగన్ ఆర్. మూడో చేతికి వచ్చింది. నంబరు ఏపీ 15. దాన్ని చూసి ఎవరైనా నవ్వితే, అది కరీంనగర్ ఇంకా ముక్కలు కానప్పటి నంబరని, ఇప్పుడు కావాలన్నా దొరకదని చెబుతాడు. పిల్లలకు అంకెలు నేర్పింది కూడా నంబరు ప్లేట్లతోనే. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక కరీంనగర్‌కు 02 మిగిలింది. జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22, రాజన్న సిరిసిల్లకు 23 వచ్చాయి. అంగన్‌వాడీలో టీచరు "ఇరవై ఒకటి తర్వాత ఏమొస్తది బిడ్డా?" అనడిగితే పెద్దపిల్ల తడుముకోకుండా "పెద్దపల్లి" అంది. టీచరు చెబితే తల్లి తల పట్టుకుంది. తండ్రి మాత్రం ఆ సంగతి చాయ్ హోటల్లో వారం రోజులు చెప్పుకున్నాడు. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు ఆ పిల్లే కొత్త బండి ముందు ఆగి, "డాడీ, వీళ్లు తప్పు రాసిండ్రు" అని తీర్పు చెప్పింది.

ఇలాంటి పిల్లల మీద పెద్ద చదువుల వాళ్లు కూడా పని చేశారు. జూడీ డిలోచ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి 2007లో వేసిన పరిశోధన పత్రం ప్రకారం, పసిపిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఏదో ఒక దానిమీద విపరీతమైన మోజు ఉంటుంది. మగపిల్లల్లో అది మరీ ఎక్కువ. ఆ మోజు వాహనాల మీదికి పోవడం మామూలే. ఈ ఇంటి ఆడపిల్ల ఆ లెక్కను కొంచెం చెడగొడుతుంది. అయినా తండ్రికి ఈ పరిశోధన సంగతి చెప్పకపోవడమే మంచిది. లామినేషన్ చేయించి హాల్లో వేలాడదీస్తాడు.

ఈ తండ్రీపిల్లలు కారును ముందు నుంచి చూడరు. దాటిపోయాక వెనక లైటు చూసి పేరు చెబుతారు. అదీ పందెం. రాత్రిపూట, వానలో, బురద కొట్టుకున్న బండి అయితే మార్కులు ఎక్కువ. ఇందులో గారడీ ఏమీ లేదు. మనుషుల ముఖాలను గుర్తుపట్టేటప్పుడు పనిచేసే మెదడు భాగమే, కార్లలో ఆరితేరిన వాళ్లు కార్లను చూసినప్పుడు కూడా చురుగ్గా ఉంటుందని ఇసబెల్ గోతియే బృందం 2000లో చూపించింది. ఈ మనిషి సిరిసిల్ల బజారులో సొంత మేనమామ ఎదురుపడితే పలకరించకుండా పోతాడు. ఆ మేనమామ స్విఫ్ట్ డిజైర్ సందు చివర ఆగి ఉంటే మాత్రం, "మామ వచ్చినట్టుండు" అని ఇంటికి ఫోన్ చేస్తాడు.

ఈ పిచ్చికి మూలం తాత దగ్గర ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలమందిలో ఆయనొకడు. ఒక అరబ్బు సేటు ఇంట్లో హౌస్ డ్రైవర్. లాండ్ క్రూయిజర్‌ను ఇసుకలో నడిపిన చేతులు ఇవి అని ఇప్పటికీ చేతులు చూపిస్తాడు. చూపించేవి రెండు చేతులే కానీ గేర్లు మార్చింది కుడిచేత్తో. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు కదా. మనవలకు కుర్చీలో కూర్చోబెట్టి డ్రైవింగ్ నేర్పింది ఆయనే కాబట్టి, వాళ్లు ఆటలో రోడ్డుకు కుడిపక్కనే పోతారు. తండ్రి ఎడమకు తిప్పుతాడు. తాత మళ్లీ కుడికి తిప్పుతాడు. ఆ ఇంటి హాల్లో జరిగినన్ని యాక్సిడెంట్లు సిద్దిపేట రోడ్డు మీద జరగవు.

తాత తమ్ముడు బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు. ఆయనకు కారు చూడాల్సిన పని లేదు, చెవి చాలు. వరుసగా సాంచాలు ఆడుతుంటే ఏది తేడాగా కొడుతుందో వినే పట్టుకున్న మనిషి. వ్యాగన్ ఆర్ గేటు ముందుకు రాగానే "బెల్టు పోతది సూస్కో" అంటాడు. పోతుంది.

నాయనమ్మ కొలమానం వేరు. ఎక్కడానికి మోకాలు సహకరిస్తుందా, ఎంతమంది పడతారు. ఆమె లెక్కలో కారంటే టాటా సుమో ఒక్కటే, వేములవాడ జాతరకు ఇంటిల్లిపాదీ కోళ్లతో సహా అందులో పట్టారు కాబట్టి. ఆ పేరు జపాన్ పహిల్వాన్లది కాదు, టాటా మోటార్స్‌ను నడిపిన సుమంత్ మూల్‌గావ్‌కర్ పేరులోంచి తీసిందని కొడుకు చెప్పినప్పుడు, "ఎవ్వరిదైతేంది, అందరం పట్టినం" అంది.

తల్లి తనకు కార్లతో సంబంధం లేదంటుంది. చిన్నోడి నిక్కరు జేబులోంచి హాట్ వీల్స్ బొమ్మ బండ్లు వాషింగ్ మెషిన్లో పడి గిలగిలా కొట్టుకుంటుంటే, చప్పుడును బట్టి "ఆ ఎర్ర మస్టాంగ్ ఉన్నట్టుంది, తీయండి" అని వంటింట్లోంచే అరుస్తుంది.

చిన్నోడు ఆడుకునేటప్పుడు చూడాలి. నేల మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ముక్కుకు జానెడు దూరంలో బండిని మెల్లగా నెడతాడు. చూపంతా చక్రం మీదే. ఆ ఎత్తు నుంచి చూస్తే అరచేతిలో పట్టే బండి కూడా నిజం బండే. తర్వాత నేల బండల మధ్య గీత వెంబడి, వంటింటి గడప దాకా బండ్లను బంపరుకు బంపరు తగిలేలా పేరుస్తాడు. ఒకటి వంకరైతే మొదటి నుంచి. అత్తగారి ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఆ ట్రాఫిక్‌ జామ్‌ను దాటుకుంటూ పోవాలి, కదిలించకూడదు. నాయనమ్మ తమ కాలంలో పిల్లలు జొన్న బెండుకు ఈనెలు గుచ్చి బండి చేసుకునేవారని, అది విరిగితే మేక తినేదని చెబుతుంది. ఇప్పటి బండి విరిగితే నూటయాభై రూపాయల ఏడుపు.

ఇంగ్లండులోనూ బొమ్మ కార్ల కథ ఇంటి నుంచే మొదలైంది. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే బడికి తేవాలన్న నియమం ఉందని, జాక్ ఓడెల్ తన కూతురి కోసం చిన్న రోడ్ రోలర్ చేసిచ్చాడు. 1953లో వచ్చిన మ్యాచ్‌బాక్స్ బండ్లకు అదే నాంది.

హైదరాబాద్‌లో పెళ్లికని పోయిన ఈ కుటుంబం బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంలో తేలింది. అక్కడ కె. సుధాకర్ చేసిన బూటు కారు, బర్గర్ కారు, క్రికెట్ బంతి కారు ఉంటాయి. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్‌కెక్కిన మనిషి ఆయన. కమోడ్ కారు ముందు నాయనమ్మ చాలాసేపు నిలబడింది. "గిండ్ల కూసోని ఊళ్లెకు వోతే ఇజ్జతుంటదా?" అంది. వీళ్లు ఫంక్షన్ హాలు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి.

ఒక్క విషయంలో ఈ మనిషిని వెనకేసుకు రావడం కుదరదు. సీటు మీద గీత పడుతుందని ప్లాస్టిక్ కవరు తీయనివాడు, కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించేవాడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని రాశారు. ఆ సంగతి పెద్దపిల్లే ఎక్కడో విని వచ్చి, తండ్రి ముందు చెయ్యి చాపింది. అప్పటి నుంచి చిన్నోడు వెనక సీట్లో.

దసరాకు ఆ ఇంట్లో వ్యాగన్ ఆర్‌కు, పక్కింట్లో సాంచాలకు పూజ. బొమ్మ కార్లన్నిటికీ వరుసగా కుంకుమ బొట్లు. ఒక్కోదాని చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టాలని పిల్లలు పట్టుబడితే, తల్లి ఒకే కాయను ముక్కలు చేసి సర్దింది.

ఇంత పెంపకం చేశాక మొన్న వీధిలో మోరీ తవ్వడానికి జేసీబీ వచ్చింది. చిన్నోడు పసుపు బండి ముందు కూర్చుని అన్నానికి కూడా లేవలేదు. "అది కారు కాదురా" అని తండ్రి బతిమాలాడు. సాయంత్రానికి అతనే ఆపరేటర్ పక్కన చేరి మైలేజీ అడుగుతున్నాడు. దీనికి కిలోమీటర్లు కాదన్నా, గంటకు ఇన్ని లీటర్లని లెక్క అని ఆపరేటర్ చెబుతుంటే, అరుగు మీది నుంచి నాయనమ్మ కేకేసింది.

"ఎంతమంది పడుతరట?"

"ఒక్కడే అమ్మా."

"మరి మేమెట్ల వస్తంరా?"