ప్రోటోకాల్ బాబాయి

తెలుగువారి బంధువర్గమున పూర్వము తప్పక కానవచ్చుచుండిన హోమియోపతి పెట్టె మామయ్యయు, జాతకచక్రముల తాతగారును, ఏ పెండ్లికి వెళ్లినను వంటశాలలో దూరి సాంబారు రుచి చూచి ఉప్పు పాలు చెప్పు పెద్దనాన్నయు క్రమముగా అంతరించుచుండగా, వారు ఖాళీచేసిన పీఠమును శూన్యముగా నుంచుట ఇష్టములేని విధాత, ఈ శతాబ్దమున నొక క్రొత్త మూర్తిని సృష్టించినాడు. ఆయనకు వయస్సు నలుబదియైదు ప్రాంతము. ఉద్యోగము హైదరాబాదులో నేదో సాఫ్ట్‌వేర్ సంస్థలో. నివాసము మణికొండలో నాలుగవ అంతస్తున. జీవితాశయము మాత్రము బంధుమిత్రులచేత వాట్సాప్ మాన్పించుట. అసలు పేరు ఇంటింటికిని వేఱుగా నుండును గాని, పిల్లలందఱును ఆయనను ప్రోటోకాల్ బాబాయి అనియే పిలుతురు గనుక నేనును అట్లే వ్యవహరించెదను.

“మీ వాట్సాప్ నంబరు చెప్పండి” అని యెవరైన నొక అమాయకుడు అడిగిన క్షణమున బాబాయి ముఖమందలి కాంతి చూడవలయును. “నేను వాట్సాప్‌లో లేనండీ” అని పలుకునప్పటి ఆయన స్వరమున, ఏకాదశినాడు విందునకు పిలువబడిన నిష్ఠాపరుడు విస్తరి వలదని చేయి యడ్డుపెట్టునప్పటి వినయమును అహంకారమును సమపాళ్లలో మేళవించి యుండును. పలికి ఊరకుండును. “ఎందుకండీ?” అను ప్రశ్నకై ఆయన వేచియుండు ఆ యరనిమిషమే ఎదుటివానికి దైవము ప్రసాదించిన అవకాశము, వివేకియైనవాడు మజ్జిగ తెచ్చుకొను నెపమున అప్పుడే లేచిపోవును. లేవనివాడు వినవలయును.

వినదగినదే, కాదనను. “మీరు ఫోన్‌పే వాడతారు. కూరగాయలావిడ బండికి గూగుల్ పే కార్డు తగిలించుకుంది. ఆవిడకి డబ్బు పంపాలంటే మీరు కూడా గూగుల్ పే వేసుకోవాలా? అక్కర్లేదు. 2016లో యూపీఐ అని ఒక ఉమ్మడి పద్ధతి పెట్టారు కాబట్టి. జీమెయిల్ వాడు యాహూ వాడికి ఉత్తరం రాస్తున్నాడా లేదా? ఎయిర్‌టెల్ వాడు జియో వాడికి ఫోను చేస్తున్నాడా లేదా? మరి ‘బాగున్నారా’ అని రెండు ముక్కలు పంపుకోవడానికి మాత్రం ఇద్దరమూ ఒకే కంపెనీ గుమ్మం ఎందుకు తొక్కాలండీ?” అని ఆయన నిలదీయునప్పుడు నాకు నేటివఱకును ప్రత్యుత్తరము దొరకలేదు, సదరు కంపెనీలకును దొరికినట్లు తోపదు. ఆయన వాదమున దోషము లేదు. ఉన్నచో బంధువులు దానిని పట్టుకొని ఏనాడో బయటపడియుందురు.

వాదము ముగిసిన పిమ్మట ఇతిహాసము మొదలగును. 1998లో జెరెమీ మిల్లర్ అను అమెరికను యువకుడు, ఐసీక్యూ మిత్రులకొక ప్రోగ్రాము, ఏఓఎల్ మిత్రులకొక ప్రోగ్రాము, యాహూ మిత్రులకు మఱియొక ప్రోగ్రాము తెఱచి కూర్చుండవలసివచ్చిన ఆ దినములలో, ఎవ్వరికి వారు సొంత సర్వరు నడుపుకొనుచునే ఎవ్వరి సర్వరులోనివారితోనైనను సంభాషింపదగిన జాబర్ అను పద్ధతిని ఆరంభించుటయు, 1999 జనవరిలో దానిని లోకమునకు వెల్లడించుటయు, అదియే ఎక్స్‌ఎంపీపీ అను నామాంతరమున 2004 అక్టోబరులో, అంతర్జాలమునకు ప్రమాణములు నిర్ణయించు ఐఈటీఎఫ్ వారిచే 3920, 3921 సంఖ్యలుగల ఆర్‌ఎఫ్‌సీలుగా ప్రచురింపబడుటయు బాబాయికి కంఠస్థము. పెండ్లిరోజు మఱచిన సంవత్సరములు గలవు గాని, ఈ సంఖ్యలను మఱచిన దినము లేదు. 2005 ఆగస్టులో గూగుల్ టాక్ ఇదే ప్రమాణముపై వెలసి, 2006 జనవరిలో ఇతర సర్వరులవారికిని తలుపు తెఱచిన నాడు, అమీర్‌పేటలో అద్దెగది బ్రహ్మచారియైన బాబాయి తన సొంత సర్వరునుండి జీమెయిలులోని యొక మిత్రునకు ‘హలో’ పంపి, బదులు ‘హలో’ అందుకొని, ఆ రాత్రి నిద్రపోలేదట. ఆ కాలమును ఆయన వర్ణించుచుండగా, నెలకు మూడు వానలు కురిసిన రామరాజ్యమునందు మనమును ఉండి, గమనింపక గడిపివేసితిమేమో యని చింత కలుగును. తరువాతి కథ శోకరసము. 2013 మేలో హ్యాంగవుట్స్ వచ్చుటతో గూగుల్ ఆ తలుపు మూయ నారంభించినది; 2010లో ఫేస్‌బుక్ తెఱచిన చిన్న కిటికీయు 2015లో మూతపడినది. ఇవి యన్నియు ఆయన సహింపగలడు. సహింపలేనిది వేఱొకటి: 2009లో పుట్టిన వాట్సాప్ తొలుత నడచినది ఈ ఎక్స్‌ఎంపీపీ సర్వరులలో నొకటియైన ఈజాబర్‌డీ మీదనే, ఆ ప్రమాణమునే తనకు వలసినట్లు మార్చుకొని, బయటివారికి ప్రవేశము లేకుండ చేసికొని, 2014లో పందొమ్మిదివందల కోట్ల డాలర్ల ధరకు ఫేస్‌బుక్‌కు అమ్ముడుపోయినది. “మనవాడేనండీ! మన ఇంట్లో పుట్టి మనకే తలుపేశాడు!” అనునప్పటికి ఆయన కంఠము నిజముగనే గద్గదమగును. ఈ ఘట్టమువద్ద నవ్వుటకు నాకెన్నడును మనసొప్పలేదు.

సిద్ధాంతము ఇట్లుండగా, ఆచరణమున బాబాయికి మొదటి శిష్యురాలు తెనాలిలోని తల్లి. ఆమె ఫోనులో కాన్వర్సేషన్స్ అను యాప్ నెలకొల్పి, నంబరునకు బదులు ఈమెయిలు రూపమున నొక చిరునామాను ప్రసాదించి, దానికి ఓమెమో అను గూఢలిపి కవచమును తొడిగి, ఆ కవచము నకిలీ కాదని రూఢి చేసికొనుటకై అఱువదినాలుగు అక్షరాంకముల వేలిముద్రను ఫోనులో ఆమెచేత చదివించినాడు. ఆమె స్నానము చేసివచ్చి, కండ్లజోడు తుడుచుకొని, అష్టోత్తరము చదివినట్లు తుదివఱకు చదివినది. సర్వరు పనిచేయని దినములు వచ్చుచుండును గదా. బాబాయి ఇంటి పూజగది అలమరలో, రౌటరు తీగ అక్కడికే వచ్చినందున దేవుని పటముల ప్రక్కన సర్వరుగా ప్రతిష్ఠింపబడిన ఆ అఱచేతి కంప్యూటరు, తొంబది దినములకొకసారి మాఱవలసిన ధ్రువపత్రము మాఱకపోయినప్పుడెల్ల మూగనోము పట్టును. అట్టి దినములలో తల్లి కొడుకునకు మామూలు ఫోను చేసి, “మీ సర్వరుకి ఒంట్లో ఎలా ఉందిరా?” అని పరామర్శించును.

ఒకసారి మనుమడు ఆమెకు క్రొత్త ఫోను కొనిపెట్టెను. ఆమె యథాప్రకారము నొక సందేశము వ్రాసి పంపెను. బాబాయి తెఱపై మాత్రము, ఈ సందేశము ఈ పరికరమునకై గూఢలిపిలో వ్రాయబడినది కాదు, అను ప్రకటన యొక్కటియే వెలసెను. క్రొత్త తాళపుచెవులు ఇంకను కుదురుకొనలేదని గ్రహించి, ఓమెమో యొక్క కాఠిన్యమునకు మెచ్చుకొని, ఆదివారము తీరికగా సరిచేయవచ్చునని ఆయన నిద్రించెను. ఆ సందేశమునందున్నది రైలు పేరును, సికింద్రాబాదు చేరు వేళయును. మఱునాటి యుదయమున ఆవకాయ జాడీతోడను, అరటిగెలతోడను ఆమె ప్లాట్‌ఫారముపై చాలసేపు కూర్చుండి, తుదకు ఆటోలో ఇల్లు చేరగా, బాబాయి ఎదురేగి పశ్చాత్తాపమును ఉత్సాహమును కలిసిన స్వరమున, “అమ్మా, నీ మెసేజీని ప్రపంచంలో ఎవ్వడూ చదవలేకపోయాడు తెలుసా! చివరికి నేను కూడా!” అనెను. ఆమె జాడీ దింపుచు, “నేనొస్తున్నాననేది అంత రహస్యమేమీ కాదురా అబ్బాయీ” అని మాత్రమనెను.

ఇంతటి స్వాతంత్ర్యమును నగరమధ్యమున ఆయన నిరాటంకముగా అనుభవించుట యెట్లు సాధ్యమగుచున్నదని మీకు సందేహము కలుగవలయును; నాకును కలిగినది. అపార్టుమెంటులో నీళ్ల ట్యాంకరు వచ్చు వేళ, లిఫ్టు మరమ్మతు, పిల్లవాని బడిలో రేపటి పరీక్ష, గుంటూరులో నెవరో పోయినారను వార్త, కోదాడలో నెవరికో నిశ్చయమైన ముహూర్తము, ఇవి యన్నియు వాట్సాప్ బృందములలోనే పుట్టి అక్కడనే గిట్టుచుండ, అందు లేని మనుష్యుడు బకెట్టులో నీరు లేకుండ, చావుపుట్టుకల సమాచారము లేకుండ బ్రదుకుట యెట్లు? సమాధానము ఆయన ధర్మపత్ని. ఆమె వాట్సాప్‌లో నున్నది. ఆయన వంతునకు గూడ ఆమెయే యున్నది. “ఏమండీ, నాలుగింటికి నీళ్లు కట్టేస్తారట, బకెట్లు పట్టుకోండి” అని ఆమె వంటింటినుండి ప్రకటించును. “నేను పెళ్లికి వస్తానని చెప్పు” అని ఆయన సర్వరు ముందునుండి పలుకును. “మా వారు వస్తారట” అని ఆమె టైపు చేయును. పరస్పరము పొసగని రెండు వ్యవస్థల నడుమ సందేశములను అటునిటు చేరవేయు యంత్రమునకు ఆ శాస్త్రమున గేట్‌వే అని పేరు గలదు. “ఈవిడే మా గేట్‌వే” అని ఆయన అతిథులకు ఆమెను సగర్వముగా పరిచయము చేయుట నేనెఱుగుదును. అయితే ఈ మార్గమున ఎన్‌క్రిప్షన్ యెంతమాత్రమును లేదు: ఆమె అన్నియు చదువును, కొన్నింటిని సవరించును, ఆడపడుచు అప్పడిగిన సందేశములవంటి వానిని గమ్యము చేరనీయనే చేరనీయదు. ఎండ్-టు-ఎండ్ భద్రతను గూర్చి లోకమునకు ఉపన్యసించు మహాశయుని జీవితము సర్వమును ఒక్క ఇల్లాలి దయాదాక్షిణ్యములపై నడుచుచుండుట ఆయన యింకను గమనించినట్లు లేదు. ఆమె గమనించినది.

ఇట్టివాడు ఒంటరియే యని జాలిపడవలదు. నగరమున సహధర్ములు మఱికొందఱు గలరు. వారు నెలకొక ఆదివారము ఇరానీ హోటలులో కలియుదురు. ముఖాముఖి కలియుటకు హేతువు స్నేహము కాదు. వారిలో సగము మంది ఎక్స్‌ఎంపీపీ శాఖీయులు, తక్కిన సగము మంది 2014లో పుట్టిన మేట్రిక్స్ శాఖీయులగుటచే సందేశములతో పని జరుగదు, ఇరుశాఖలను కలుపు వంతెన ఆ వారము కూలియే యుండును. ఫ్రాన్సు ప్రభుత్వము 2019లో తన యుద్యోగులకై నెలకొల్పిన చాప్ అను సందేశసేవ మేట్రిక్స్ మీదనే నడుచుచున్నదని వారనగా, మీ సర్వరు మా సర్వరు తిను జ్ఞాపకశక్తికి ఎన్నిరెట్లు తినునో చెప్పుమని బాబాయి గద్దించును. మీ ప్రమాణమునకు నాలుగువందలకు మించిన అనుబంధములున్నవి, ఏ యాప్ ఏది పాటించునో బ్రహ్మకైన తెలియునా అని వారు ఎదురు గద్దింతురు. ఉస్మానియా బిస్కట్లు అయిపోవును. ఒకే కంపెనీ గుత్తాధిపత్యము నెదిరించుటలో మాత్రము అందఱిదియు ఏకాభిప్రాయమే. ఆ మాట యెవరును ఎత్తరు.

బాబాయి జీవితమున మహర్దశ 2021 జనవరిలో వచ్చినది. వాట్సాప్ తన గోప్యతా నిబంధనలను మార్చుచున్నానని ప్రకటింపగా, ఎన్నడును ఆయనవంక చూడని బావమఱుదులు, తోడల్లుండ్రు, అమలాపురము పినతల్లులు గూడ ఫోను చేసి, “ఏం చేయమంటావు బాబూ?” అని యడిగిరి. పదునైదేండ్లుగా ఆయన కనిపెట్టుకొనియున్న ప్రశ్న అది. మిల్లరునుండి మొదలిడి చెప్పుటకు ఆయన పూనుకొని, 2006 జనవరికి వచ్చునప్పటికే వారందఱును సిగ్నల్‌లోనికో టెలిగ్రామ్‌లోనికో దుమికి, వెనువెంటనే, బంధువులు అక్కడ లేరను కారణమున వచ్చిన దారినే తిరిగిపోయిరి. సిగ్నల్ మంచిదే గాని అందులోనివారు బయటివారితో మాటలాడుటకు వీలులేదని ఆయన చెప్పుచున్న మాట సగములో నిలిచిపోయినది. 2025లో స్వదేశీ ఉత్సాహమున అందఱును జోహోవారి అరట్టై యాప్‌ను దించుకొన్నప్పుడును ఇదియే కథ. కాని జోహో స్థాపకులలో నొకడైన శ్రీధర్ వెంబు, ఇట్టి వ్యవస్థలు యూపీఐవలె ఒకదానితో నొకటి కలియునవిగా నుండవలెనని అన్నమాట విని, బాబాయి ఆనాడు రెండవసారి అన్నము పెట్టించుకొనెను.

ఇప్పుడు ఆయన యాశలన్నియు ఐరోపాపై నున్నవి. 2022లో ఐరోపా సమాఖ్య చేసిన డిజిటల్ మార్కెట్స్ చట్టపు 7వ అధికరణము, ద్వారపాలకులని పేరు పెట్టబడిన మహాసంస్థల సందేశసేవలు, ఇతర సేవలు కోరినచో వానితో సంభాషణకు వీలు కల్పింపవలయునని శాసించినది. 2023 సెప్టెంబరులో వాట్సాప్ ఆ జాబితా కెక్కినది. ఆ దినమున బాబాయి పుల్లారెడ్డి మిఠాయి తెచ్చి అపార్టుమెంటంతయు పంచెను. “అమ్మాయిగారికి సంబంధం కుదిరిందా సార్?” అని వాచ్‌మన్ అడుగగా, “కాదయ్యా, ఐరోపాలో చట్టం!” అని మఱియొక లడ్డు చేతిలో పెట్టెను. “అది మన మణికొండకి ఎప్పుడొస్తుందండీ?” అని ఇల్లాలు అడిగినది. ఐరోపావారికే వర్తించునని ఆయన క్లుప్తముగా చెప్పి, ఆలోచనలో పడి, తుదకు మ్యూనిక్ నగరమున ఉద్యోగము చేయుచున్న మేనకోడలు జ్ఞప్తికి రాగా, ఆమె ఈ చట్టముచే తనకు సంక్రమించిన హక్కును వెంటనే వినియోగించుకొనుట తెలుగుజాతికి ఏల అవసరమో విశదీకరించుచు, పాదసూచికలతో కూడిన దీర్ఘలేఖను రాత్రింబవళ్లు కూర్చుండి రచించెను. ఆ పిల్ల ఎక్స్‌ఎంపీపీలో లేదు, ఈమెయిలు చూడదు. కావున లేఖను గేట్‌వే ద్వారమున పంపక తప్పలేదు. అదిమొదలు ఆయన గంటకొకసారి వంటింటి గుమ్మమునకు వచ్చి నిలుచుచున్నాడు.

“నీలం టిక్కులు పడ్డాయా, చూడు.”

“ఇంకా లేదండీ. పప్పు మాడిపోతోంది, కాస్త జరగండి.”