ఆరు నెలల్లో వ్యక్తిత్వ వికాసం

విదేశీ విశ్వవిద్యాలయంలో ఒకటో రెండో సెమిస్టర్లు చదివి వచ్చిన ఎక్స్ఛేంజ్ విద్యార్థిలో కనిపించే మార్పును వ్యక్తిత్వ వికాసం అంటారు. తిరిగొచ్చాక రాసిచ్చే నివేదికలో ఇది ఉండి తీరాలి. "నన్ను నేను తెలుసుకున్నాను" అన్న వాక్యం మొదట నివేదికలో, తర్వాత రెజ్యూమెలో, ఆపైన లింక్డిన్‌లో, చివరికి పెళ్లిచూపుల్లో వినబడుతుంది. తెలిసిందేమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ వికాసాన్ని భారీ ఎత్తున తయారుచేసేది యూరప్‌వారి ఎరాస్మస్ పథకం. 1987లో 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పటికి లబ్ధిదారుల సంఖ్య కోటిన్నర దాటింది. పథకానికి పేరిచ్చిన ఎరాస్మస్ రోటర్‌డామ్‌లో పుట్టి పారిస్, కేంబ్రిడ్జ్, ట్యూరిన్ తిరిగిన మహాపండితుడు. పారిస్‌లో తాను చదివిన మాంటెగూ కళాశాల గురించి తర్వాత ఆయన తన సంభాషణల పుస్తకంలో ఎక్కించినవాటిలో కుళ్లిన గుడ్లు ముఖ్యమైనవి. ఎంత పండితుడైనా హాస్టల్ అనగానే గుర్తొచ్చేది తిండే.

వికాసంలో మొదటి దశ కాగితాలు. జర్మనీలో గది దొరికిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అపాయింట్‌మెంట్ ఆ గడువు దాటాక దొరికినా ఆశ్చర్యం లేదు. ఆదివారం దుకాణాలుండవన్న సంగతి మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆకలి చెబుతుంది.

రెండో దశ చెత్త. ఉమ్మడి వంటగదిలో కాగితానికో డబ్బా, ప్యాకింగులకో డబ్బా, కూరగాయల తొక్కలకో డబ్బా, ఎటూ చెందని అనాథలకో డబ్బా ఉంటాయి. తడి చెత్త, పొడి చెత్త అన్న రెండు ముక్కలతో మున్సిపాలిటీ బండి ముందు నిలబడ్డవారికి ఇది పీజీ కోర్సు. ఉదాహరణకు ఒక పెరుగు డబ్బా. పైన రేకు మూత, చుట్టూ అట్ట, లోపల ప్లాస్టిక్. అట్టను ఊడదీసి కాగితాల్లో వేయాలి. మూత, డబ్బా రెండూ ప్యాకింగుల్లోకే వెళ్తాయి గానీ కలిసి వెళ్లకూడదు. అంటుకుని ఉంటే ఏరివేసే యంత్రం వాటిని పోల్చుకోలేదు. పోనీ కడగాలా? అక్కర్లేదు, చెంచాతో గీకితే చాలు. ఇది తెలియక డబ్బాను సబ్బుతో తోమి ఆరబెట్టిన తెలుగు విద్యార్థికి, నీళ్లు వృథా చేశావని పక్క గది అమ్మాయి మర్యాదగానే చీవాట్లు పెడుతుంది.

గాజు సీసాల దారి వేరు. వీధిలో తెలుపు, గోధుమ, ఆకుపచ్చ గాజుకు మూడు తొట్లుంటాయి. నీలం సీసా ఆకుపచ్చ తొట్లో వేయాలి. పరాయి రంగును ఎక్కువగా ఓర్చుకునేది ఆకుపచ్చ గాజేనట. వీసా ఆఫీసు వరుసలో నిలబడి వచ్చినవారికి ఈ సహనం ఆ దేశంలో గాజుకైనా ఉందని తృప్తి. ఆదివారం మాత్రం వేయకూడదు, చప్పుడవుతుంది. ఇక ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాకు 25 సెంట్ల డిపాజిట్. 2003లో మొదలైన ఈ నిర్బంధ డిపాజిట్ పరిధిలోకి 2024 నుంచి ప్లాస్టిక్ పాల సీసాలూ వచ్చాయి. సూపర్‌మార్కెట్ యంత్రంలో సీసా పెడితే డబ్బు తిరిగొస్తుంది, నలిగిన సీసానైతే యంత్రం వెనక్కి తోసేస్తుంది. తాగాక నలిపేయమని సీసా మీదే అచ్చు వేసే దేశం నుంచి వెళ్లినవారు తొలి నెలంతా పాతిక సెంట్లను తమ చేత్తోనే నలిపేస్తారు. సెమిస్టరు ముగిసేసరికి యూరప్ చరిత్ర మీద పట్టు వస్తుందో లేదో గానీ, పెరుగు మూత మీద ఎవరితోనైనా వాదించగల స్థాయి వస్తుంది.

మూడో దశ వంట. పోపు ఘాటుగా వేస్తే ఆవాలు చిటపటలాడేలోగా పొగ అలారం మోగుతుంది, భవనమంతా చలిలో బయటికొచ్చి నిలబడుతుంది. వివిధ దేశాల మిత్రులు పరిచయమయ్యేది ఎక్కువగా ఇలాంటప్పుడే.

నిజానికి ఇందులో ఏదీ విమానమెక్కి నేర్వాల్సిన విద్య కాదు. చెత్త తీయడం, బట్టలుతకడం, నెలాఖరుకి డబ్బు మిగల్చడం ఇరవై ఏళ్లూ ఇంట్లో వేరేవాళ్లు చేశారు గనక పరాయి దేశంలో అవి వికాసంగా కనబడతాయి. గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లని వీడియో కాల్‌లో అడిగే కొడుక్కి, అమ్మ ఆ లెక్క ఏ వయసులో, ఎవరి చేత తిట్లు తిని నేర్చుకుందో అడగాలని తోచదు. ఆవిడ నివేదిక ఎవరూ అడగలేదు. ఉపకారవేతనం చాలనప్పుడు మిగతాది ఇంటినుంచి తెచ్చుకోగలవారే వెళ్తారు కనుక, చిన్నప్పుడే ఇవన్నీ నేర్చేసుకున్న పిల్లలు చాలామంది ఆ విమానం ఎక్కనే లేదు.

చివరి దశ చదువు. యూరప్ లెక్కలో సెమిస్టరుకు 30 క్రెడిట్లు. బయట సంపాదించిన వాటిని సొంత విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి, అసలు పేచీ అక్కడే. ఇటలీకి చెందిన సోఫియా కొరాడి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి 1958లో రోమ్‌కు తిరిగొస్తే ఆ చదువు చెల్లదన్నారు. ఆ అవమానం దిగమింగి ఆమె ఏళ్ల తరబడి అధికారుల వెంటపడింది. ఎరాస్మస్ పథకం రావడానికి 29 ఏళ్లు పట్టింది. ఆమెను ఎరాస్మస్ అమ్మ అంటారు. ఇప్పుడు బయలుదేరకముందే విద్యార్థి, రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఒప్పందపత్రం మీద సంతకం చేసే పద్ధతి ఉంది. అయినా తిరిగొచ్చాక సిలబస్ సరిపోలలేదనే ప్రొఫెసర్లు ఇంకా ఉన్నారు. కాబట్టి వెళ్లబోయేవారు మూడో సంతకం పడేదాకా టికెట్ కొనవద్దు. వికాసం ఎలాగూ వస్తుంది, క్రెడిట్లు మాత్రం అడిగి రాయించుకోవాలి.