వీపు మీద గీతలు

మిరపకాయలు ఎండబెట్టడానికి నన్ను మించినది సూరత్ డిండోలిలో లేదని కింది ఇంటామె నమ్మకం. చదునుగా ఉంటాను, చుట్టూ అంచు ఉంది, కాయ దొర్లిపోదు. నాలుగు మూలల బొక్కల్లో మాత్రం పాత గుడ్డలు కుక్కింది. క్యారం బోర్డుకు ఇంతకంటే అవమానం ఉంటుందా?

నా పుట్టుక గురించి చెప్పేది తక్కువ. ప్లైవుడ్డు పలక, చుట్టూ కర్ర చట్రం, ఆడే చోటు నిలువూ అడ్డం 74 సెంటీమీటర్లు. కాయలు తెల్లవి తొమ్మిది, నల్లవి తొమ్మిది, ఎర్రది ఒకటి. ఉధ్నా బజారులో నన్ను కొన్నది సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు పోరగాళ్లు. తలా ఇంత చందా వేసుకున్నారు. ఆ చందా సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

వాళ్లది పన్నెండు గంటల పాళీ. పగటి పాళీ దిగినవాళ్లు, రాత్రి పాళీకి లేచినవాళ్లు ఒకే గదిలో కలిసే ఆ కాసేపే నా దర్బారు. సాంచాల మోతకు చెవులు మొద్దుబారి, మామూలు మాట కూడా కేకేసినట్టే మాట్లాడుకునేవారు. పౌడరు చల్లి అరచేత్తో రుద్దితే స్ట్రైకరు నా మీద జర్రున జారేది. ఆ నునుపు చుట్టుపక్కల గల్లీల్లో ఏ బోర్డుకూ లేదని వాళ్లే అనేవారు. నేను కాదనలేదు.

నలుగురాటలో ఒక చిత్రముంది. జతగాడు ఎదురుగా కూర్చుంటాడు. మోచేతులు రాసుకునేంత దగ్గర కూర్చునే ఇద్దరూ అవతలి జట్టు. ఎవడు ఎవడికి జత అన్నది రోజూ చూసే నాకు గదిలో గుట్టు దాగేది కాదు. తనకు తేలిగ్గా పడే కాయను వదిలేసి జతగాడి దారికి అడ్డమున్న నల్లకాయను తప్పించేవాడు ఒకడు. తన కాయ పడకపోయినా సరే, అవతలివాడిది బొక్క ముందు నుంచి నెట్టేస్తే చాలనుకునేవాడు ఇంకొకడు. స్నేహమూ పగా నోటితో ఒప్పుకునే ముందే స్ట్రైకరులో తెలిసిపోతాయి.

సాంచాల మాస్టరు బిడ్డ సూరత్ కార్పొరేషన్ వారి తెలుగు బడిలో చదివి, తర్వాత కంప్యూటర్ ఇంజనీరింగులో చేరింది. మనుషుల మధ్య దోస్తీలు, పగలు ఎట్లా పుడతాయో లెక్కకట్టడం ఆమె ప్రాజెక్టు. ఒకనాడు నన్ను బోర్లా తిప్పి, నా వీపు మీద స్కెచ్ పెన్నుతో మనిషికో చుక్క పెట్టింది. ఎవరు ఎవరికి జతగా ఆడతారు, ఎవరి డబ్బాలో ఎవరు తింటారు, దసరాకు ఊరికి పోయేటప్పుడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌కు ఎవరితో కలిసి టికెట్ తీసుకుంటారు, ఇవన్నీ అడిగి గీతలు గీసింది. దోస్తుకు ప్లస్, పగకు మైనస్.

"గిట్ల గీస్తే ఏం తెలుస్తది బిడ్డా?"

"ఇద్దరిని చూస్తే ఏం తెల్వది బాపూ. ముగ్గురిని పట్టుకోవాలె."

ఆ ముగ్గురి సంగతి 1946లో ఫ్రిట్జ్ హైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడట. నాకు ఇద్దరు దోస్తులుండి వాళ్లిద్దరికీ పడకపోతే ఆ ముక్కోణం నిలవదు. వాళ్లన్నా కలవాలి, నేనన్నా ఒకరిని వదులుకోవాలి. 1956లో కార్ట్‌రైట్, హరారీ దీన్ని గణితంగా మలిచారు. అందరికీ అందరితో ఏదో ఒక సంబంధం ఉండి, ప్రతి ముక్కోణమూ కుదురుకుంటే మిగిలేది ఒకే గుంపు, లేదంటే సరిగ్గా రెండు వర్గాలు. కుదరని ముక్కోణాన్ని పట్టుకుని ఒక గీత గుర్తు మార్చడం, మళ్లీ ఇంకోటి పట్టుకోవడం, ఇదీ ఆ పిల్ల చేసే లెక్క. స్కెచ్ పెన్ను చెరగదు గనుక కొట్టేసి పక్కన రాసేది. నా వీపు గజిబిజి అయిపోయింది. సర్దుకుపోయే మొగ్గు సగానికి మించితే చివరికి అందరూ ఒక్కటవుతారని 2005లో అంతాల్, క్రపివ్‌స్కీ, రెడ్నర్ తేల్చారని కూడా చెప్పింది. ఆ సగం మా గదిలో ఎన్నడూ దాటలేదు.

ఆ ఏడు గణపతి చందా లెక్క దగ్గర పేచీ వచ్చింది. మాస్టరు ఒకవైపు, మండపం పెద్దమనిషి ఒకవైపు. ఎవరెటు పోతారో ఆమె ముందే రాసిపెట్టుకుంది. చాలావరకు సరిపోయింది. తప్పినచోట తండ్రికి అమెరికా ముచ్చట ఒకటి చెప్పింది. అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో 34 మంది ఉన్న కరాటే క్లబ్బు ఫీజు తగాదాతో రెండుగా చీలింది. వేన్ జాకరీ అనే ఆయన వాళ్ల స్నేహాల పటం గీసి, ఎవరెటు పోయారో లెక్కతోనే తేల్చి 1977లో అచ్చువేశాడు. ఒక్కడే తప్పాడు. వాడికి బ్లాక్ బెల్టు పరీక్ష మూడు వారాల్లో ఉంది. గురువును వదిలితే అన్నేళ్ల కష్టం గంగలో కలుస్తుందని, దోస్తులను వదిలి గురువు వెంట పోయాడు.

"గసొంటోళ్లు మన తాన మస్తుమంది ఉన్నరు," అన్నాడు మాస్టరు నవ్వుతూ.

ఉంటారు మరి. మాస్టరు దగ్గర బాకీ ఉన్నవాడు ప్లస్సులు మైనస్సులు చూసుకుంటాడా? నా వీపు మీద బాకీకి గీత లేదు. బిడ్డ ఆ మాట అనబోతుంటే మాస్టరుకు ఉన్నట్టుండి చాయ్ మీదికి మనసు పోయింది.

చీలాక నేనెవరికన్న పంచాయితీ వచ్చింది. మా చందాతో కొన్నదంటే మా చందాతో అని రెండు వర్గాలూ నన్ను పట్టుకున్నాయి. తెగక, ఎవరికి వారు కొత్త బోర్డులు కొనుక్కుని నన్ను మిద్దె మీద పడేశారు. రెండు వానాకాలాలకు ప్లైవుడ్డు ఉబ్బింది, గీతల రంగు పొక్కింది. కాయిన్లు పిల్లల గోళీలాటలో చెల్లిపోయాయి. ఎర్రదాన్ని ఒకడు బల్ల కాలి కింద పెట్టాడు. 2020 లాక్‌డౌన్‌లో గదులే ఖాళీ అయ్యాయి. తిరిగొచ్చినవాళ్లు క్యారం ఫోనులో ఆడుకుంటున్నారు. పౌడరు ఖర్చు లేదట.

ఉత్తరాయణ్‌కు గాలిపటాలు ఎగరేద్దామని బిడ్డ మిద్దెకెక్కింది.

"రెండు దిక్కులోళ్లు మాట్లాడుకుంటున్నరా బాపూ?"

"ఏడ? గీ పాత బోర్డంటే ఇద్దరికీ పడది. గదొక్కటే ఇద్దరికీ కలిసింది."

హైడర్ మాట నిజమైతే నేనంటే పడని ఆ రెండు వర్గాలూ ఈపాటికి దోస్తులు కావాలి. మూడు మైనస్‌లూ కలిసి నిలవొచ్చని, వర్గాలు రెండు దాటవచ్చని 1967లో జేమ్స్ డేవిస్ సడలించాడని ఆమె తండ్రికి చెప్పింది. అయితే మూడో వర్గం నాదే, మనుషులే లేరు.

ఆమె నన్ను బోర్లా తిప్పి, దుమ్ము తుడిచి, వీపుకు ఫొటో తీసుకుంది. ముందువైపు చూడనైనా లేదు.