అటక మీది సంసారం

తెలుగువాళ్ల ఇళ్లలో రెండేసి సంసారాలుంటాయి. ఒకటి కింద, రెండోది అటక మీద. కింది సంసారంలో పిల్లలు పెరిగి ఊళ్లు పట్టిపోతారు, పెద్దవాళ్లు వెళ్లిపోతారు, ఏటికేడాది జనం పలచబడుతుంటారు. అటక మీద మాత్రం జనాభా పెరగడమే గానీ తరగడం ఉండదు. సంక్రాంతి ముందు బూజులు దులిపే రోజున అక్కడి వాళ్లంతా ఒకసారి వరండాలోకి దిగి ఎండ కాచుకుంటారు. చీకటి పడేలోగా ఎవరి చోటికి వాళ్లు ఎక్కేస్తారు.

తెనాలిలో మా ఇల్లూ అలాంటిదే. నాన్న కట్టించిన డాబా. ఆయన పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ఆవిడ వాడేది ఒక కుక్కరు, రెండు గిన్నెలు, ఒక మంచం, ఒక టీవీ. మిగతా ఇల్లంతా సామానే కాపురముంటోంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ స్టూలెక్కి పైనుంచి ఏదో దించుతోందని పక్కింటివాళ్లు ఫోను చేసేసరికి, పిల్లలందరం ఫోన్లోనే సమావేశమై ఇల్లు తేలిక చేయాలని తీర్మానించాం. డల్లాస్‌లో ఉన్న చెల్లెలు ప్రతిపాదించింది, బెంగళూరు తమ్ముడు బలపరిచాడు, హైదరాబాదులో ఉన్న నేను అమలు చేయాలి. కన్నతల్లికి దగ్గర్లో ఉన్న కొడుక్కి దక్కే వాటా ఎప్పుడూ ఇదే.

ప్రతిపాదనతో పాటు చెల్లెలు మేరీ కోండో వీడియోలు కూడా పంపింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఇళ్లు సర్ది చూపించి లోకమంతా పేరు తెచ్చుకున్న జపాను ఆవిడ. ముందు బట్టలు, తరవాత పుస్తకాలు, ఆపైన కాగితాలు, చిల్లర మల్లర సామాను, ఆఖరున జ్ఞాపకాలు. ఇదీ ఆవిడ వరస. ఒక రకం సరుకంతా ఒకచోట కుప్ప పోయాలి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని మనసుకు సంతోషంగా ఉందా అని చూసుకోవాలి. ఉంటే ఉంచుకోవాలి, లేకపోతే దానికో దణ్ణం పెట్టి సాగనంపాలి.

మంచం మీద బట్టల కుప్ప చూసి అమ్మ, "ఇవన్నీ మళ్లీ మడతలు పెట్టేదెవరు? ఆ జపానావిడ వస్తుందా?" అంది. పోనీ సంతోషం పరీక్షయినా పెడదామని పాత మరచెంబు ఒకటి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "సంతోషమేమిట్రా, అడుగున చిల్లు పడితే! మాట్లేసేవాడొస్తే చూపించాలి," అని పక్కన పెట్టింది. మాట్లేసేవాడు మా వీధిలో కనబడక పాతికేళ్లు దాటి ఉంటుంది. మరచెంబుకు ఆశ చావలేదు.

ఆ కోండోగారే, మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దే పని దాదాపు వదిలేసుకున్నానని 2023లో బయటపడ్డారు. ఈ సంగతి అమ్మకు చెప్పాను. "ఆవిడకు ముగ్గురు కావాల్సొచ్చిందేం! నాకు మొదటివాడితోనే తెలిసిపోయింది," అంది. ఆ మొదటివాణ్ని నేనే.

సరే, మన పద్ధతిలోనే చేద్దామని వంటింట్లోంచి మొదలుపెట్టాను. మన స్టీలు గిన్నెను గిన్నె అనుకుంటే పొరపాటే, అది శాసనం. పెళ్లికో గృహప్రవేశానికో చదివించేవాళ్లు కొట్లో మిషను పెట్టించి పేరు, ఊరు, తేదీ చెక్కించి మరీ ఇచ్చేవారు. మా వంటింటి గూళ్లు ఆ చివరి నుంచి ఈ చివరికి చదువుకుంటూ వస్తే ఎవరు ఎవరికేమవుతారో, ఎవరి పెళ్లి ఏ ఏడాదో, ఏ మేనమామ ఎప్పుడు అలిగి గ్లాసుతో సరిపెట్టాడో అంతా తెలుస్తుంది. ఎవరూ వాడని పళ్లెం ఒకటి తీసి, "ఇదెందుకమ్మా?" అన్నాను.

"అది మీ పెద్దత్తయ్య పెట్టింది. రేపు ఆవిడొచ్చి అడిగితే ఏం చెప్పను?"

"అత్తయ్య పోయి చాలా కాలమైంది కదా."

"ఆవిడ కోడలొస్తుందిగా!"

అదే గూట్లో మావి కాని పేర్లున్న గిన్నెలు కూడా బోలెడు. పులుసో పులిహోరో పోసుకుని ప్రహరీ గోడ మీదుగా వచ్చి ఉండిపోయినవి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, ఏదో ఒకటి పెట్టి పంపాలి. పెట్టడానికి తగ్గది వండేలోగా ఆ ఇంటివాళ్లు బదిలీ మీద వెళ్లిపోయారు. ఒక గిన్నె ఇప్పటికీ సున్నుండల కోసం ఎదురు చూస్తోంది. "మంచి మినుములు దొరకడం లేదురా," అంటుంది అమ్మ. మా పేరున్న గిన్నెలూ కొన్ని విశాఖపట్నంలో ఎవరింట్లోనో అరిసెల కోసం కూచుని ఉంటాయని నాకు నమ్మకం.

డబ్బాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనూ ఉన్నాయి. డాల్డా డబ్బాలో కరివేపాకు మొక్క, హార్లిక్స్ సీసాలో కందిపొడి, బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ. మిఠాయి కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ పెట్టెలు మూతలొక గూట్లో, అడుగులొక గూట్లో. తలుపు వెనక మేకుకు ఒక పెద్ద కవరు, దాని కడుపునిండా కవర్లు.

కాగితాల దగ్గర నాన్న ఎదురయ్యాడు. కరెంటు బిల్లు రసీదులన్నీ ఏడాది వారీగా తీగకు గుచ్చి పెట్టాడాయన. ఆ రసీదులిచ్చిన విద్యుత్తు బోర్డు 1999లోనే ముక్కలై కంపెనీలుగా విడిపోయింది. అయినా సరే, ఏ ఉద్యోగి ఆత్మో వచ్చి 1983 మార్చి నెల బాకీ ఉన్నావంటే, చెల్లించామని రుజువు చేయగల స్థితిలో మా కుటుంబం ఉంది. బియ్యం డబ్బా అడుగున మడత పెట్టిన వెయ్యి రూపాయల నోటు కూడా దొరికింది. 2016 నవంబరు 8 అర్ధరాత్రి నుంచి అది చెల్లడం మానేసిందని అమ్మకు గుర్తు చేశాను. "చెల్లకపోతే మటుకు, వెయ్యి రూపాయలు పారేసుకుంటామా?" అని కళ్లకద్దుకుని లోపల పెట్టింది.

శుభలేఖలు ఒక సంచీడున్నాయి. ప్రతిదాని నెత్తినా వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉండటం వల్ల అవి చెత్తలోకి వెళ్లవు, పారే నీళ్లలో కలపాలి. మా ఊరికి కాలవలకేం కొదవ? ఆంధ్రా ప్యారిస్ అని పేరొచ్చిందే వాటి వల్లనంటారు. కానీ నాకు తీరికైన వేసవిలో కాలవలు కట్టేస్తారు. నీళ్లు వదిలాక వెళ్దామంటే, నీళ్లలో చెత్త వేస్తే ఊరుకోరని తమ్ముడు ఫోన్లో పర్యావరణం మాట్లాడతాడు. దేవుళ్లు సంచీలోనే ఉన్నారు.

పుస్తకాల సంగతి ఇంకా సున్నితం. నాన్న బైండు చేయించిన చందమామలు బీరువా నిండా ఉన్నాయి. 1947 జులైలో నాగిరెడ్డిగారితో కలిసి ఆ పత్రిక పెట్టిన చక్రపాణిగారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. అంచేత చందమామను కాటాకెత్తడమంటే మా అమ్మ దృష్టిలో ఊరిని కాటాకెత్తడం. "వేరే ఊరివాళ్లయితే అమ్ముకోనీ," అంది.

పాత సామాన్లు కొనేవాడు రికార్డు చేసిన కేకతో వీధిలోకి వస్తే అమ్మే పిలిచింది. నేను పొంగిపోయాను. అమ్మింది దినపత్రికలు మాత్రమే. అందులోనూ సగం, అలమార్లలో పరవడానికి కావాలని కాటాలోంచి వెనక్కి తీసేసుకుంది. ఇత్తడి బిందె ధర అడిగింది గానీ అది బేరమాడటంలో ఉన్న సరదా కోసం. కొన్నప్పుడు మజూరీ అంటారు, అమ్మేటప్పుడు తరుగంటారు, మధ్యలో మనం తరిగిపోతామని ఆవిడ సిద్ధాంతం. ఆ మర్నాడు పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చింది. ఓ మూటెడు చీరలు తగ్గాయని నేను చెల్లెలికి ఫోన్లో చెబుతుండగానే, అమ్మ కొత్త టిఫిను క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

భోగి పండగను మన పెద్దవాళ్లు పెట్టిందే పాత సరుకు వదిలించుకోవడానికంటారు. మా ఇంట్లో కాలు విరిగిన కుర్చీని "భోగికి పనికొస్తుంది" అని పక్కన పెడతారు. తెల్లవారుజామున తీరా మంట వేశాక, "ఒక్క కాలేగా పోయింది, వడ్రంగిని పిలిస్తే సరి," అంటారు. మంటలోకి వెళ్లేవి డబ్బిచ్చి కొనుక్కొచ్చిన కట్టెలు, పిడకలు. కుర్చీ పక్కనే నిలబడి చలి కాచుకుంటుంది.

దారి చూపించింది పనమ్మాయి. వాళ్ల కూతురికి పెళ్లి కుదిరిందని చెప్పగానే, ఎవరూ అడక్కుండా, "ఒరేయ్, ఆ పెద్ద బిందె దించరా," అంది అమ్మ. నా నోట మాట రాలేదు. పారేద్దామంటే గుండె మీద చెయ్యేసుకునే మనిషి, ఇద్దామంటే స్టూలు తెమ్మంటోంది. వస్తువు వెళ్లిపోతున్నందుకు ఆవిడకు బాధ లేదు, దానికి ఓ ఇల్లంటూ ఉండాలంతే. అప్పటి నుంచి నేను పద్ధతి మార్చాను. ఏది చేత్తో పట్టుకున్నా, "ఇది ఎవరికిద్దామమ్మా?" అనడమే.

పని సాగింది గానీ నత్తనడకే. పుచ్చుకునేవాళ్లు తెలిసినవాళ్లయి ఉండాలి. వాళ్లు వచ్చి కాఫీ తాగాలి. ఆ వస్తువు ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారో, దాని కోసం నాన్నతో ఎన్నాళ్లు పోట్లాడిందో మొత్తం వినాలి. ఒక పూటకు ఒక వస్తువు దాటితే గొప్ప. గంగాళం గుడికి వెళ్లింది, శ్రీరామనవమికి పులిహోర కలపడానికి పనికొస్తుందని. ఇచ్చే ముందు దాని మీద నాన్న పేరు చెక్కించింది. తిరగలి ఎదురింటి కొత్తకోడలు అడిగి తీసుకుంది, వీడియోలో పెట్టడానికట. విసరడం మాత్రం మిక్సీలోనే.

మెల్లగా నడవాలో నేల కనబడింది. అటక మీద ఓ మూల ఖాళీ పడింది. ఊళ్లో ఖాళీ జాగా కబురు దాగదు. పిన్ని ఇల్లమ్మి అపార్ట్‌మెంటుకు మారుతూ, "మీకు చోటుందటగా అక్కయ్యా," అని పందిరి మంచం పంపించింది. అమ్మ కాదనలేదు.

ఇది చాలదన్నట్టు "ఎవరికిద్దాం" జాబితాలో మొదటి పేరు నాదేనని ఆలస్యంగా తెలిసింది. తెనాలి వెళ్లిన ప్రతిసారీ నా కారు డిక్కీ నిండి వస్తోంది. ఆవకాయ జాడీలు, కాఫీ ఫిల్టర్లు, ఇత్తడి కుందులు, చందమామల బైండ్లు. ఫ్లాటు కట్టినవాడు వంటింటి పైన ఇచ్చిన లాఫ్ట్ నిండి, సామాను బాల్కనీకి వచ్చింది.

మా ఆవిడ ఓపిక పట్టినంత కాలం పట్టింది. తరవాత నా ప్రశ్నే నా మీద వేసింది. "ఏమండీ, ఆ ఎక్సర్‌సైజు సైకిలు ఎవరికిద్దాం?" లాక్‌డౌన్లో ఎగబడి కొన్నదే, ఇప్పుడు ఇద్దరం పక్కనుంచి తప్పుకుని నడుస్తున్నాం. నేను జవాబు వెతుక్కునేలోగా తనే తేల్చేసింది. "తెనాలి పంపిద్దాం. అక్కడ బాగా ఖాళీ చేశారుగా."

ట్రాన్స్‌పోర్టులో వేసి పంపించాం. వరండాలో దింపించుకుని అమ్మ వీడియో కాల్ చేసింది. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. హ్యాండిలు ఊపి చూసింది, సీటు నొక్కి చూసింది.

"పెడల్ మీద కాళ్లు పెట్టి తొక్కాలమ్మా, మోకాళ్లకు మంచిది," అన్నాను.

"మోకాళ్ల సంగతి తరవాత," అంది అమ్మ, భుజం మీది తడి తువ్వాలు తీసి హ్యాండిలు మీద ఆరేస్తూ. "ఇంత గట్టి వస్తువును మీ ఆవిడ ఎలా వదులుకుందిరా?"