ముక్కులో సీసం

నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందుగా అనే మాట ఒకటే: "అబ్బ, ఎంత తేలికో!" నేనొక బొమ్మ విమానాన్ని. బ్యాటరీతో కలిపి నా బరువు ఇప్పుడు 330 గ్రాములు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు. ఒకప్పుడు మాత్రం 415 గ్రాములుండేదాన్ని. ఆ 85 గ్రాములు ఎలా పోయాయో అదే నా కథ.

మాది బాల్సా జాతి. ఈక్వడార్ అడవుల్లో ఆరేడేళ్ళకే కోతకొచ్చే చెట్టు. అంత తొందరగా ఎదుగుతూ కణాల నిండా నీళ్ళు నింపుకుంటుంది. కోసి ఆరబెడితే ఆ నీటి చోట గాలి మిగులుతుంది. 1947లో పెరూ నుంచి పాలినీషియా దాకా పసిఫిక్ మీద 101 రోజులు సాగిన కాన్-టికి తెప్ప దుంగలు మావే. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన మస్కిటో విమానం ఒంట్లోనూ, పల్చటి చెక్క పొరల మధ్య మావాళ్ళున్నారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

నన్ను కట్టింది కాకినాడలో ఒక ఫిజిక్స్ మాస్టారు. బ్లేడుతో రెక్కకు పక్కటెముకల్లాంటి రిబ్బులు కోశారు, వెన్నెముకలాంటి స్పార్ మీద వరసగా నిలబెట్టి పల్చటి గమ్ము చుక్కలు వేశారు, ఇస్త్రీపెట్టెతో పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించారు. వేడి తగలగానే ముడతలు పోయి ఫిల్మ్ డప్పు తోలులా బిగిసింది. అంతా బాగానే ఉంది. ఒక్క తోక దగ్గరే పొరపాటు జరిగింది. బాల్సా షీట్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న షీట్లు రెండు తూస్తే ఒకటి 20 గ్రాములూ ఇంకొకటి 40 గ్రాములూ తూగొచ్చు. మాస్టారు తూయలేదు. చేతికందిన గట్టి షీటుతో తోక చేసేశారు.

తొలిసారి చేతిలోంచి విసరగానే నా ముక్కు పైకి లేచింది. వేగం చచ్చిపోయింది, ఎడమ రెక్క వాలింది, నేల మీద పడ్డాను. బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి అయిదున్నర సెంటీమీటర్ల దగ్గర ఉండాల్సింది, ఎనిమిది దగ్గరుంది. మాస్టారు బజారుకెళ్ళి వలలకు కట్టే సీసపు గుళ్ళు తెచ్చి, 34 గ్రాములు నా ముక్కులో పెట్టారు. రెండువేళ్ళ మీద నిలబెడితే సరిగ్గా తూగాను. ఎగిరాను కూడా. కానీ అది ఎగరడం కాదు, పరుగు. నెమ్మదిస్తే కిందికి జారిపోయేదాన్ని. దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి విరిగేది. మూడు వారాల్లో నా ఒంటినిండా అతుకులే.

ఒక రాత్రి మాస్టారు అతుకు వేస్తుంటే తొమ్మిదో తరగతి చదివే కూతురు పక్కన కూర్చుంది.

"నాన్నా, వెనక బరువెక్కువైందని ముందు బరువు పెట్టారు కదా. వెనక తీసేస్తే పోదా?"

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోంచి డిజిటల్ త్రాసు తెచ్చారు. నా పాత తోక 27 గ్రాములు.

కొత్త తోక తయారవుతుంటే నేను కళ్ళప్పగించి చూశాను. ఈసారి ప్రతి షీటూ త్రాసెక్కింది. మెత్తటిదాంట్లోంచి సన్నటి పుల్లలు చీల్చి, చుట్టూ చట్రం కట్టి, మధ్యలో ఏటవాలుగా త్రికోణాలు అమర్చారు. త్రికోణం ఉంటే ఫిల్మ్ బిగిసినా చట్రం మెలి తిరగదు. అమ్మాయి ఒక్కో పుల్లనూ సాండ్‌పేపర్ మీద నెమ్మదిగా రుద్దింది. పొడి పిండిలా రాలింది. తూస్తే 11 గ్రాములు! తోకలో తగ్గింది 16 గ్రాములే. కానీ కేంద్రం నుంచి ముక్కు కంటే తోక రెట్టింపు దూరానికి పైనే ఉంటుంది గనక ముక్కులోని సీసమంతా బయటికొచ్చేసింది. మధ్యలో ఉండే బ్యాటరీని కూడా చిన్నదాంతో మార్చి మరో 35 గ్రాములు తీశారు.

ఇప్పుడు దిగేటప్పుడు నా వేగం పదోవంతు తగ్గింది. నేలకు తగిలే దెబ్బలోని శక్తి మూడోవంతుకు పైగా తగ్గింది. పిల్లకు నేర్పాల్సిన లెక్కంటే ఇదీ!

మొన్న ఆదివారం, సముద్రపు గాలి ఇంకా మొదలవ్వకముందే, ఊరి బయట బయలుకు తీసుకెళ్ళారు. మోటారు ఆపేశారు. నేను గాలి మీద ఆనుకుని, గడ్డి మీదుగా నెమ్మదిగా వచ్చాను. అమ్మాయి ఎదురొచ్చి రెండు చేతులతో నన్ను అందుకుంది. నేల తగలనే లేదు.

తిప్పి నా తోక చూసింది.

"నాన్నా, తోకలో కదిలే ఎలివేటర్‌కి ఈ ఉక్కు తీగ ఎందుకు? వెదురుపుల్ల చాలదా?"